ముందు కొట్టని గంట

మొన్న నెల్లూరు నుంచి కోవూరు వచ్చే బస్సులో, పెన్న వంతెన మీద, నా ముందు సీట్లో ఒక ముసలామె మనవరాలిని తిడుతోంది. ఆ పిల్ల ఏదో ఆటల పోటీకి ఒంటరిగా మద్రాసు పోతానందట. "బరితెగించినావే నువ్వు! ఇంటావంటా ఉండాదా ఇది?" అంది ముసలామె. నాకు నవ్వాగలేదు, గట్టిగానే నవ్వేశాను. ఆమె వెనక్కి తిరిగి, "ఏందమ్మా, నీకంత నవ్వులాటగా ఉండాది?" అని నన్నూ వాయించింది. తప్పయిపోయింది తల్లీ అన్నాను గానీ నవ్వు ఆగితేనా! ఆ మాట నేను పడినన్నిసార్లు ఈ జిల్లాలో ఇంకెవరూ పడి ఉండరు. దానికి అసలు అర్థం నాకు చెప్పింది మా స్కూల్లో గంట కొట్టే ఆయన.

ఆయన పేరు చెప్పను. చెప్పినా ఎవరికీ తెలియదు. పిల్లలకీ, మేష్టర్లకీ, కమిటీ ప్రెసిడెంటుకీ ఆయన గంటాయనే. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుపోయిన ఎడమ చెవి. ఆ చెవి గుద్దులు తిని అట్లా అయిందని పిల్లలు కథలల్లుకునేవాళ్లు. "గుద్దులూ లేవు, గాడిదగుడ్డూ లేదు. మా యమ్మ మెలేసింది. చెప్పిన మాట ఇననోళ్లకి ఇట్టనే అవతాది" అనేవాడు ఆయన.

నిలబడితే ఎడమ కాలు అరడుగు ముందుకుండేది. గడ్డం ఎప్పుడూ ఛాతీకి ఆనించే ఉండేది. సర్క్యులర్ పుస్తకం పట్టుకొచ్చి క్లాసు గుమ్మంలో అట్లా నిలబడితే, సంతకం పెట్టకపోతే మనల్ని కొడతాడేమో అనిపించేది. ఏ పిల్లాడు ఏడుస్తూ కనబడినా ఆయన దగ్గర ఒకటే మందు. "గడ్డం దించు. చేతులెత్తు. ఆఁ, ఇప్పుడు చెప్పు, ఏమైంది?" గడ్డం దించి పిడికిళ్లెత్తి నిలబడ్డాక ఏడవడం ఎట్లా కుదురుతుంది? కావాలంటే మీరూ నిలబడి చూడండి.

ఆయన మా స్కూల్లో చేరిన కథ చెప్పుకుని మేష్టర్లు పడీ పడీ నవ్వేవాళ్లు. సొంతూరు జువ్వలదిన్నె. పడుచుతనంలో మద్రాసు హార్బరులో పనికి పోయి, అక్కడ సాయంత్రాలు బాక్సింగు పోటీలు జరిగే రేకుల కొట్టంలో గంట కొట్టే పనిలో కుదిరాడు. ఇరవై ఏళ్లు కొట్టి, ఇంటికొచ్చి, ఉద్యోగం కోసం మా హెడ్మాస్టరు గారి ముందు నిలబడ్డాడు. "ఇంతకు ముందేం చేశావు?" అంటే "బాక్సింగులో ఉండినానయ్యా" అన్నాడు. హెడ్మాస్టరు గారు సంస్కృతం చదువుకున్న పెద్దమనిషి. బాక్సింగు అంటే బాక్సులు చేసే పని అనుకున్నారు. "చాలా మంచిది" అని, లేబరేటరీలో విరిగిన పెట్టెలు పదకొండూ ఆయన ముందు పెట్టించారు. ఈయన మారుమాటాడకుండా ఊళ్లో వడ్రంగి దగ్గర సుత్తీ మేకులూ తెచ్చుకుని పదకొండింటినీ బాగు చేసి ఇచ్చాడు. ఉద్యోగం వచ్చింది. ఆ పెట్టెలు కొంచెం వంకరగా ఉండేవి, నేను చేరినప్పుడు ఒకదాని మూత నా వేలు నలగ్గొట్టింది.

మా గంట అసలు గంట కాదు. వరండా దూలానికి గొలుసుతో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. పక్కన ఒక ఇనప కడ్డీ, గూట్లో స్కూలు టైంపీసు. ప్రతి ఆదివారం ఆ టైంపీసును కండువాలో చుట్టుకుని, పడుగుపాడు స్టేషనుకు నడిచిపోయి, అక్కడి గడియారంతో సరిచూసుకుని వచ్చేవాడు. ఆయన గంట విని ఊళ్లో పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్లు, కూలీలు నాట్లు ఆపి అన్నం మూటలు విప్పేవాళ్లు. ఒకసారి హెడ్మాస్టరు గారే వానొస్తోందని అయిదు నిమిషాలు ముందు కొట్టమన్నారు. "వాన మీద నాకు అధికారం లేదయ్యా, టైం మీద మీకు లేదు" అన్నాడట. ఆయనకు తప్ప ఇంకెవరికైనా ఆ మాటకు ఉద్యోగం ఊడేది.

మధ్యాహ్నం ఇంటర్వెల్లు పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ వరండాలో బాక్సింగు ముచ్చట. పెద్ద పిల్లలు చుట్టూ మూగేవాళ్లు. నేను లేబరేటరీ కిటికీ దగ్గర కూర్చుని వినేదాన్ని. దొరల పేర్లకు ఆయన నోరు తిరగదు. కాబట్టి అందరూ ఎడంచేతాయనలు, బట్టతలాయనలు, కమ్మరాయనలు. "ఆ కమ్మరాయనవి కొంగ కాళ్లురా. చూస్తే నవ్వొస్తాది. భుజాలు మాత్రం బుచ్చిరెడ్డిపాలెం బస్తాలు మోసేవోడివి. తనకంటే ఎంత బరువోణ్ణయినా పడేసేవోడు."

"పూర్వం చేతులకు తొడుగులు లేవు. ఉత్త పిడికిళ్లే. మనం చేపల్ని ఊరబెట్టినట్టు చేతుల్ని ఉప్పు నీళ్లలో ఊరబెట్టేవోళ్లు, తోలు గట్టిపడాలని. ఈ తొడుగులు మొహానికి మేలు చేసేదానికని మీరనుకుంటా ఉండారు. కాదు. అవి కొట్టేవోడి వేళ్లు ఇరగకుండా."

"రింగంటే గుండ్రంగా ఉండాల గదా, నలుచదరం ఎందుకైంది?" అన్నాడొకడు.

"ఒకప్పుడు జనం చుట్టూ గుండ్రంగా నిలబడేవోళ్లు, అందుకని రింగు. తరవాత గుంజలు పాతి తాళ్లు కట్టినారు. ఆకారం మారింది, పేరు మారలా. మీ నాయన చేను అమ్మేసి ఇప్పుడు కాఫీ హోటలు పెట్టినాడు, అయినా ఊరంతా చేనోళ్లనే గదా అంటారు!"

అన్నింట్లోకీ ఆయనకిష్టమైనది ఏడు గంటలు సాగిన పోటీ. నూట పది రౌండ్లు. "ఎవరు గెలిచారు?" అని అడగని పిల్లాడు లేడు. "ఎవురూ గెలవలా. ఇద్దురూ లేచే ఓపిక లేక కూలబడి ఉంటే, తీర్పు చెప్పే దొర ఇంక చాల్లే అన్నాడు. అది గాదురా నా బాధ. రౌండు మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి, రెండు నూర్ల ఇరవై మాట్లు గంట కొట్టినాడే, వాడి చెయ్యి ఏమైందో ఒక్కడూ రాయలేదు చూడు!"

ఇంటర్వెల్లు అయిపోతే ఎంత రంజైన చోట ఉన్నా టక్కున ఆపేసేవాడు, మాట మధ్యలోనే. కడ్డీ తీసుకుని ఠంగుమని కొట్టేవాడు. మర్నాడు ఆ మిగిలిన సగం మాట నుంచే ఎత్తుకునేవాడు. "పడినోడికి పది లెక్కబెడతారు. తెలివైనోడు తొందరపడి లేవడు. తొమ్మిది దాకా పండుకుని దమ్ము తీసుకుని..." అని శుక్రవారం ఆపితే, "...అప్పుడు లేస్తాడు" అని సోమవారం వచ్చేది. పెద్ద బాక్సరు చచ్చిపోతే అందరూ లేచి నిలబడతారనీ, గంట నెమ్మదిగా పదిసార్లు కొడతారనీ, పది లెక్కబెట్టినా ఇంక లేవడని దానర్థమనీ కూడా అక్కడే విన్నాను.

ఇక నా సంగతి. పంతొమ్మిది వందల అరవైలో ఆ స్కూలుకు సైన్సు చెప్పడానికి వెళ్లాను. అక్కడ మొదటి ఆడ టీచర్ని. పైగా నెల్లూరులో నర్సుగా చేసిన క్రైస్తవురాలి కూతుర్ని. పైగా కోవూరులో మా అమ్మ దగ్గరుండి, రోజూ కాలువ గట్టున సైకిలు తొక్కుకుంటూ వచ్చేదాన్ని. ఈ మూడింట్లో మొదటి రెండూ మా ప్రెసిడెంటు ఎట్లాగో సర్దుకున్నాడు. సైకిలు మాత్రం ఆయన గొంతు దిగలేదు. నూరెకరాల మాగాణి ఉన్న ఆసామి, ఆయన మాటకు తిరుగులేదు. "ఆడకూతురు బెల్లు కొట్టుకుంటా మొగోళ్లని పక్కకు తప్పుకోమంటాదా? బరితెగించింది" అన్నాడు. ఊరు అందుకుంది. నేను గట్టు మీద వస్తుంటే పెద్ద పిల్లలు పొలాల్లోంచి "బరీ... బరీ..." అని కేకలు పెట్టేవాళ్లు.

నా ఉద్యోగం ఒక ఏడాది పరీక్ష మీద ఉంది. ఏడాది చివర్లో ఇన్‌స్పెక్టరు వచ్చి నా పాఠం చూసి బాగుందంటే ఖాయం, లేదంటే ఇంటికి. నాన్న లేడు, అమ్మ రిటైరయ్యింది. ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలో నాకు తెలుసు.

రెండో నెల్లో ఒకరోజు నేను బోర్డు వైపు తిరగ్గానే క్లాసంతా సైకిలు బెల్లులా "ట్రింగ్ ట్రింగ్" అన్నారు. లేబరేటరీలోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చి, రాజీనామా కాగితం రాశాను. సర్క్యులర్ పుస్తకంతో గంటాయన వచ్చాడు. కాగితం చూశాడు. చదవలేదు, చదవాల్సిన అవసరం లేదు.

"గడ్డం దించండి టీచరమ్మా" అన్నాడు.

"నాతో పరాచికాలాడొద్దు అన్నా. వాళ్లు నన్నేమంటున్నారో నీకు తెలుసు."

"తెలుసు. బరితెగించినారంట. బరంటే ఏందమ్మా?"

"ఏమో, హద్దు."

"మన పిల్లకాయలు చెడుగుడు ఆడేటప్పుడు మధ్యలో గీత గీస్తారే, అది బరి. ఉత్త పిడికిళ్ల రోజుల్లో బాక్సింగులోనూ అట్టనే ఒక గీత ఉండేది. పడినోడికి ముప్పై సెకండ్లు టైం. ఆ ముప్పై సెకండ్లూ ఏడ్చుకో, నీళ్లు తాగు, తిట్టుకో, నీ ఇష్టం. తరవాత నీ అంతట నువ్వే నడిచొచ్చి ఆ గీత కాడ నిలబడాల. ఎవురూ ఎత్తుకొచ్చి నిలబెట్టకూడదు. రాకుంటే ఓడినట్టు." పుస్తకం నా ముందు పెట్టి పెన్ను ఇచ్చాడు. "మీరు దినామూ వస్తానే ఉండారు గదా బరి కాడికి. వాళ్లు అనేది నిజమే. దానికి ఏడిస్తే ఎట్టా?"

సంతకం పెట్టాను. రాజీనామా కాగితం చింపి స్టవ్వు కింద నూనె తుడిచాను. మర్నాడు పిల్లలు "బరీ" అంటే "వస్తున్నా, వస్తున్నా" అని బెల్లు కొట్టాను. నాలుగు రోజులకు ఆ కేకలు పలచబడ్డాయి.

ఫిబ్రవరిలో ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. సన్నటి మనిషి, ముక్కు మీద కళ్లద్దాలు. ఆయన పక్కన కుర్చీలో మా ప్రెసిడెంటు, సర్కస్‌కు వచ్చినట్టు కాలు మీద కాలు. మధ్యాహ్నం ఇంటర్వెల్లుకు ముందు పీరియడు నాది. పాఠం గాలి పీడనం. మూత బిగించే పాత నూనె డబ్బాలో కొంచెం నీళ్లు పోసి స్టవ్వు మీద మరిగించాలి. ఆవిరి లోపలి గాలిని తరిమేస్తుంది. దించి మూత బిగించి పైన చన్నీళ్లు పోస్తే ఆవిరి నీరైపోయి లోపల ఖాళీ అవుతుంది. అప్పుడు బయటి గాలి డబ్బాను గుద్ది అప్పచ్చి చేస్తుంది. ఇంట్లో మూడుసార్లు చేసి చూసుకున్నాను.

మరిగించాను, దించాను, బిగించాను, పోశాను. డబ్బా కదల్లేదు. సుయ్యిమని చిన్న చప్పుడు. క్లాసు కిసుక్కుమంది. "గాలికి జరమొచ్చినట్టుంది టీచర్" అన్నాడొకడు. ప్రెసిడెంటు నవ్వు దాచుకోలేదు. ఇన్‌స్పెక్టరు గారు నోటు పుస్తకం తెరిచారు.

ఇంకా నాలుగు నిమిషాలుంది. నా ప్రాణాలన్నీ కిటికీ బయటికి పోయాయి. గంటాయన కడ్డీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా డబ్బానూ చూశాడు, నన్నూ చూశాడు. కొట్టవయ్యా, ఒక్క దెబ్బ కొట్టు, ఈ గండం గడిచిపోతుంది అని కళ్లతోనే బతిమాలాను. టైం చాల్లేదు, లేకపోతే అయ్యేదని చెప్పుకోవచ్చు. ఆయన టైంపీసు వైపు చూశాడు. మళ్లీ నా వైపు చూసి గడ్డం ఛాతీకి ఆనించాడు. అంతే.

అబ్బ, ఆ క్షణంలో ఆయన మీద ఎంత కోపమొచ్చిందో! ఆ కోపంతోనే డబ్బా లాక్కుని మూత విప్పి చూశాను. లోపల ఉండాల్సిన రబ్బరు బిళ్ల ఊడిపోయింది. గాలి ఆ సందులోంచి దూరుతోంది. నా సంచిలో పంక్చరు సామాను ఎప్పుడూ ఉంటుంది. సైకిలు ట్యూబు ముక్క తీసి కత్తెరతో గుండ్రంగా కత్తిరించి మూతలో కుక్కాను. డబ్బాలో వేడినీళ్లు ఇంకా ఉన్నాయి. మళ్లీ స్టవ్వు మీద పెట్టి పంపు కొట్టాను.

ఆవిరి వస్తుండగా ఠంగ్ ఠంగ్ ఠంగ్. సరిగ్గా టైముకు కొట్టేశాడు. ఒక్క అర నిమిషం ఆగితే ఏం పోయింది!

రోజూ ఆ గంటకు మా పిల్లలు పలుపు విప్పిన దూడల్లా పరిగెత్తేవాళ్లు. ఆ రోజు ఒక్కడు లేవలేదు. ప్రెసిడెంటు లేచి పంచె సర్దుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గారు లేవబోయి, పిల్లల్ని చూసి, మళ్లీ కూర్చున్నారు. నేను డబ్బా దించి మూత బిగించి చన్నీళ్లు పోశాను. వెనక బెంచీలోంచి ఎవడో మొదలెట్టాడు, "ఒకటి..." క్లాసంతా అందుకుంది. "రెండు... మూడు..." ఏడు దగ్గర ఢామ్మని డబ్బా నడుం విరిగి లోపలికి కుంగిపోయింది. పిల్లల కేకలకు పక్క క్లాసు కూడా వచ్చి పడింది.

ఇన్‌స్పెక్టరు గారు ముందు బెంచీ పిల్లాణ్ణి లేపి, "గంట కొట్టారు కదా, పోలేదేం?" అని అడిగారు.

"ఇంకా తేలలేదు గదండీ" అన్నాడు వాడు. వాడు నేను చేరిన కొత్తలో "బరీ" అని అరిచినవాళ్లలో పెద్దగొంతువాడు. ఇన్‌స్పెక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని ఏదో రాసుకున్నారు. నెల తిరక్కుండా నా ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చింది.

ఆ సాయంత్రం సైకిలు తీసుకుని తిన్నగా ఆయన దగ్గరికే పోయాను. సంతోషం చెప్పడానికి కాదు, దులిపేయడానికి. నేను నోరు తెరవక ముందే, "బెల్లు కొట్టినాక పడిన దెబ్బ లెక్కలోకి రాదు టీచరమ్మా. రూలు ప్రకారం మీరు ఓడిపోయినట్టే" అన్నాడు.

"నీ రూలు పెన్నలో కలవ! నా బతుకు పోతుంటే అట్లా చూస్తూ నిలబడ్డావే! ముందు కొడితే నీ సొమ్మేం పోయింది?"

ఆయన కడ్డీని గూట్లో పెట్టి, కండువాతో చేతులు తుడుచుకున్నాడు. ఎప్పుడూ చెప్పని మాట అప్పుడు చెప్పాడు.

"ముందు కొట్టినాను తల్లీ, ఒకసారి. మా అక్క కొడుకు. ఇంట్లో చెప్పకుండా మద్రాసొచ్చి చేరినాడు, ఆడతానని. రెండో రౌండులో కళ్లు తేలేసినాడు. ఇంకో గుద్దు పడితే కిందపడేవోడు. రౌండు అయ్యేదానికి ఇంకా ఇరవై సెకండ్లుండాది. నా చెయ్యి ఆగలా, కొట్టేసినాను. అందరూ పిల్లోడు బతికిపోయినాడన్నారు. ఒక నిమిషం కూచున్నాడు, నీళ్లు తాగినాడు, మళ్లీ లేచినాడు పౌరుషంగా. మూడో రౌండులో పడిన గుద్దులకు కుడి కన్ను పోయింది. రెండోదీ మసకే." కండువా భుజాన వేసుకున్నాడు. "నేను కొట్టకుంటే పడిపోయుండేవోడు. పది లెక్కబెట్టి ఇంటికి పంపేసేవోళ్లు. కళ్లు ఉండేవి. ఆ మర్నాడే ఆ పని మానుకున్నాను. ఇప్పుడు వాడు జువ్వలదిన్నెలో వలలు బాగు చేస్తాడు, చేత్తో తడుముకుంటా. మా ఇంట్లోనే ఉండాడు."

సైకిలు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఆయనే తేరుకుని, "ఇయ్యాల కూడా కడ్డీ ఎత్తినానమ్మా. మీరు చూళ్లేదు. ఎత్తి దించుకున్నాను" అన్నాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. గడ్డం దించమని ఆయన అనలేదు.

తరవాత ఏడేళ్లు ఆయన గంటకు నేను పాఠాలు చెప్పాను. ఒక్కనాడూ ముందు కొట్టలేదు, వెనక కొట్టలేదు.

అరవై ఎనిమిది వేసవికి ముందు, ఒక మధ్యాహ్నం మూడు గంటలకు, ఒక మనిషి కర్ర తాటించుకుంటూ స్కూల్లోకి వచ్చాడు. నలభై లోపు వయసు, కుడి కన్ను తెల్లబడి ఉంది. కండువాలో చుట్టిన టైంపీసు నా చేతికిచ్చాడు. రెండు రోజుల సెలవు పెట్టి సొంతూరికి పోయిన గంటాయన ఇంక రాడని అప్పుడే అర్థమైంది.

"నిన్న పోయినాడమ్మా మామ. జరం. ఇయ్యాల పొద్దున్నే కాటి పని అంతా అయిపోయింది. ఇది స్కూలుదంట, టయానికి చేర్చమన్నాడు. దోవలో పడుగుపాడులో దిగి సరిచూపించుకొచ్చినాను" అన్నాడు.

ప్రెసిడెంటు ఆ రోజు స్కూల్లోనే ఉన్నాడు. విని చాలా నొచ్చుకున్నాడు, అబద్ధమాడను. "పాపం, మంచోడు. పిల్లల్ని ఇప్పుడే వదిలెయ్యండి" అన్నాడు.

"వీల్లేదండీ. నాలుగుంబావుకే" అన్నాను.

"నువ్వింక మారవామ్మా?" అన్నాడు గానీ కుర్చీలోంచి కదల్లేదు.

నాలుగుంబావు అయ్యేదాకా టైంపీసు ముందు పెట్టుకుని వరండాలో నిలబడ్డాను. పక్కన ఆ మేనల్లుడు. కడ్డీ నేను అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ముల్లు పడగానే ఒకటి కొట్టాను. మోత పూర్తిగా అణిగేదాకా ఆగి రెండోది కొట్టాను. రోజూ గబగబా మోగే, ఇంటికి వదిలే గంట ఇట్లా విడివిడిగా వినబడేసరికి క్లాసుల్లో గోల ఆగిపోయింది. ఎవరు చెప్పారో ఏమో, బెంచీలు జరిగిన చప్పుడైంది. చూస్తే పిల్లలందరూ లేచి నిలబడి ఉన్నారు. ఒక్కడూ గుమ్మం దాటలేదు. కాలువ గట్టు మీద పోతున్న వాళ్లు కూడా ఆగి ఇటే చూస్తున్నారు.

తొమ్మిది కొట్టి ఆగాను. తెలివైనవాడు తొమ్మిది దాకా పడుకుంటాడు కదా. కడ్డీ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది, కిందికి రానంటుంది. జువ్వలదిన్నె దోవ వైపు చూస్తున్నాను, సిగ్గు లేకుండా.

మేనల్లుడు చెవి అటు పెట్టి వింటున్నాడు. "తొమ్మిదే అయినాయమ్మా" అన్నాడు. కర్ర గోడకు ఆనించి నెమ్మదిగా అన్నాడు.

"మామ లెయ్యడులే టీచరమ్మా. కొట్టండి."

గడ్డం దించి, పదోది కొట్టాను.